యాక్టివ్ వాక్యాన్ని పాసివ్‌లోకి మార్చే పద్ధతి

పదో తరగతి నుంచి ఉద్యోగ నియామక పరీక్షల దాకా ఇంగ్లీషు ప్రశ్నపత్రాల్లో తరచూ కనబడే అంశాల్లో వాయిస్ మార్పు, అంటే యాక్టివ్ (కర్తరి) వాక్యాన్ని పాసివ్ (కర్మణి) వాక్యంగా మార్చడం, ఒకటి. దీన్ని నేర్పే పద్ధతి కూడా దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఎడమవైపు యాక్టివ్ రూపాలు, కుడివైపు పాసివ్ రూపాలు రాసిన పెద్ద పట్టికను విద్యార్థి చేతికిచ్చి కంఠస్థం చేయమంటారు. పరీక్ష వరకు ఆ పట్టిక గుర్తుంటుంది గానీ, వాక్యంలో కొత్తగా ఒక ‘షుడ్ హ్యావ్’ గానీ ‘టు’ గానీ కనబడగానే ఏ గడిలో వెతకాలో తెలియక విద్యార్థి ఆగిపోతాడు. నిజానికి ఆ పట్టిక మొత్తం ఒకే సూత్రం నుంచి పుట్టింది. ఆ సూత్రాన్ని, దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఉదాహరణల్లోని ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను కనుక, చదివేటప్పుడు పైకి పలుకుతూ పక్కన కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే అభ్యాసం కూడా అయిపోతుంది.

ఇంగ్లీషుకు పాసివ్ ఎందుకు కావాలి

తెలుగులో ‘రాజు పులిని చంపాడు’ అన్నా, ‘పులిని రాజు చంపాడు’ అన్నా చచ్చింది పులే. ‘ని’ అనే విభక్తి పులికి అంటుకుని ఉన్నంతవరకు ఆ మాటను వాక్యంలో ఎక్కడ పెట్టినా అర్థం మారదు. ఇంగ్లీషులో నామవాచకాలకు ఈ సౌకర్యం లేదు. ‘ది కింగ్ కిల్డ్ ది టైగర్’ అనే వాక్యంలో రెండు నామవాచకాల స్థానాలను మార్చి ‘ది టైగర్ కిల్డ్ ది కింగ్’ అంటే రాజు చచ్చిపోతాడు. అంటే ఇంగ్లీషులో కర్త ఎవరో, కర్మ ఏదో చెప్పేది స్థానమే. మనం పులి గురించే మాట్లాడుతూ దాన్ని వాక్యం మొదట్లోకి తెచ్చుకోవాలంటే, ‘ఈ మొదటి మాట పని చేసినది కాదు, పనికి లోనైనది’ అని చెప్పే గుర్తు ఒకటి క్రియలోనే ఉండాలి. ఆ గుర్తే పాసివ్ రూపం: ‘ది టైగర్ వాజ్ కిల్డ్’.

అందుకే పాసివ్‌కు ‘చంపబడెను’, ‘వ్రాయబడుచున్నది’ వంటి ‘బడు’ రూపాలను వంతెనగా వాడుకోవడం అంత మంచి పద్ధతి కాదు. మనం మాట్లాడే తెలుగులో ఆ రూపాలు దాదాపు లేవు. వ్యాకరణ పుస్తకాల్లో కర్మణి ప్రయోగం కింద అవి ఉన్నమాట నిజమే. అయితే ఒక మాటను ముందుకు తేవడానికి తెలుగువాడికి వాటి అవసరం రాదు, విభక్తి చాలు. మరి వాడుక తెలుగులో పాసివ్‌కు సరిపోయే వాక్యం ఏదన్నది తర్వాత చూద్దాం.

ముందుగా కర్మను పట్టుకోవాలి

వాక్యాన్ని మార్చే ముందు అది మార్చదగినదో కాదో తేల్చుకోవాలి. క్రియను పట్టుకుని ‘ఎవరిని?’ లేదా ‘దేనిని?’ అని అడగండి. జవాబు వస్తే అదే ఆబ్జెక్ట్. ‘ది వీవర్ వీవ్స్ ది శారీ’ అనే వాక్యంలో ‘దేనిని నేస్తాడు?’ అంటే ‘చీరను’ అని జవాబు వస్తుంది కనుక ఈ వాక్యం మారుతుంది. ‘ది వీవర్ స్లీప్స్’ అనే వాక్యంలో ఈ ప్రశ్నకు జవాబు లేదు కనుక అది మారదు. ఇందులో ఒక చిన్న జాగ్రత్త అవసరం. తెలుగులో ప్రాణంలేని వస్తువుల విషయంలో ‘ను’ను తరచూ వదిలేసి ‘చీర నేస్తాడు’, ‘ఇల్లు కడతాడు’ అంటాం. అందుచేత ‘ను’ వినబడలేదని కర్మ లేదనుకోకూడదు, ప్రశ్న వేసి చూసుకోవాలి.

మారుతుందని తేలాక చేయాల్సిన పనులు మూడు. ఆబ్జెక్ట్‌ను ముందుకు తెచ్చి సబ్జెక్ట్ స్థానంలో పెట్టాలి. క్రియను పాసివ్ రూపంలోకి మార్చాలి. పాత సబ్జెక్ట్‌ను, అవసరమైతేనే, ‘బై’ తర్వాత పెట్టాలి. సర్వనామాలు ఈ మార్పిడిలో రూపం మార్చుకుంటాయి. ‘ఐ’ కాస్తా ‘మీ’ అవుతుంది, ‘హీ’ ‘హిమ్’ అవుతుంది, ‘షీ’ ‘హర్’, ‘వుయ్’ ‘అస్’, ‘దే’ ‘దెమ్’ అవుతాయి. ముందుకు వచ్చే సర్వనామం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా మారుతుంది. ‘యూ’, ‘ఇట్’ మాత్రం ఎక్కడున్నా మారవు. ఈ భాగంలో తప్పు చేసేవారు తక్కువ. అసలు చిక్కంతా రెండో పనిలోనే ఉంది.

‘బీ’ సూత్రం

పాసివ్ క్రియలో ఎప్పుడూ రెండు భాగాలుంటాయి. ఒకటి ‘బీ’ క్రియకు చెందిన ఏదో ఒక రూపం. అంటే యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీ, బీయింగ్, బీన్ అనే ఎనిమిదింటిలో ఒకటి. రెండోది అసలు క్రియకు మూడో రూపం, తరగతి గదిలో అందరూ వి3 అని పిలిచేది. కాలం ఏదైనా వి3 మారదు కాబట్టి, మనం ప్రతిసారీ నిర్ణయించుకోవాల్సింది ‘బీ’ ఏ రూపంలో ఉండాలన్నదొక్కటే. దానికి సూత్రం ఇది: యాక్టివ్ వాక్యంలో అసలు క్రియ ఏ వేషంలో ఉందో, పాసివ్‌లో ‘బీ’ సరిగ్గా ఆ వేషమే వేసుకుంటుంది. ఆ తర్వాత వి3 వచ్చి కూర్చుంటుంది. అసలు క్రియకు ముందున్న ఈజ్, హ్యాజ్, విల్ వంటి సహాయక క్రియలు ఉన్నచోటే ఉంటాయి.

భూదాన్ పోచంపల్లి నేత కార్మికుణ్ణి ఉదాహరణగా తీసుకుందాం. ‘వీవ్’ క్రియకు మూడు రూపాలు వీవ్, వోవ్, వోవెన్. మూడూ వేర్వేరుగా ఉండడం మన పనికి కలిసివస్తుంది.

‘ది వీవర్ వీవ్స్ ది శారీ’ అనే వాక్యంలో క్రియ సింపుల్ ప్రెజెంట్ రూపంలో ఉంది. ‘బీ’ క్రియ సింపుల్ ప్రెజెంట్‌లో ఈజ్ అవుతుంది. కనుక ‘ది శారీ ఈజ్ వోవెన్ బై ది వీవర్’.

‘ది వీవర్ ఈజ్ వీవింగ్ ది శారీ’లో అసలు క్రియ ‘ఇంగ్’ వేషంలో ఉంది. ‘బీ’కి ‘ఇంగ్’ చేరిస్తే బీయింగ్. ముందున్న ఈజ్ అలాగే ఉంటుంది. కనుక ‘ది శారీ ఈజ్ బీయింగ్ వోవెన్’.

‘ది వీవర్ హ్యాజ్ వోవెన్ ది శారీ’లో అసలు క్రియ వి3 వేషంలో ఉంది. ‘బీ’కి వి3 రూపం బీన్. కనుక ‘ది శారీ హ్యాజ్ బీన్ వోవెన్’.

ఇక తక్కిన కాలాలు వాటంతట అవే వస్తాయి. ‘వోవ్’ అనేది పాస్ట్ రూపం, ‘బీ’కి పాస్ట్ రూపం వాజ్ కనుక ‘వాజ్ వోవెన్’. ‘వాజ్ వీవింగ్’ కాస్తా ‘వాజ్ బీయింగ్ వోవెన్’ అవుతుంది. ‘హ్యాడ్ వోవెన్’ నుంచి ‘హ్యాడ్ బీన్ వోవెన్’, ‘విల్ వీవ్’ నుంచి ‘విల్ బీ వోవెన్’, ‘విల్ హ్యావ్ వోవెన్’ నుంచి ‘విల్ హ్యావ్ బీన్ వోవెన్’ వస్తాయి. పాఠ్యపుస్తకాల్లోని పట్టిక మొత్తం ఇంతే.

ఈ సూత్రం ఎంత దూరం వెళ్తుందో గమనించండి. ‘కెన్ వీవ్’లో క్రియ మామూలు రూపంలో ఉంది కనుక ‘కెన్ బీ వోవెన్’. ‘మస్ట్’, ‘షుడ్’, ‘మే’, ‘మైట్’, ‘కుడ్’ వంటివన్నీ ఇదే దారిలో నడుస్తాయి. విద్యార్థిని ఆపేసే ‘షుడ్ హ్యావ్ వోవెన్’ వచ్చినా భయం లేదు, అసలు క్రియ వి3లో ఉంది కనుక ‘షుడ్ హ్యావ్ బీన్ వోవెన్’. ‘హ్యాజ్ టు వీవ్’ నుంచి ‘హ్యాజ్ టు బీ వోవెన్’ వస్తుంది. ‘ఈజ్ గోయింగ్ టు వీవ్’ నుంచి ‘ఈజ్ గోయింగ్ టు బీ వోవెన్’ వస్తుంది. పట్టికలో ఈ గడులు లేకపోయినా సూత్రంలో ఉన్నాయి.

మరి ‘హ్యాజ్ బీన్ వీవింగ్’ సంగతేమిటి? సూత్రం ప్రకారం ‘హ్యాజ్ బీన్ బీయింగ్ వోవెన్’ అని రావాలి. రూపం తప్పు కాదు గానీ, బీన్ పక్కన బీయింగ్ వినడానికి ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి ఇంగ్లీషువాళ్లు సాధారణంగా అలా అనరు. పర్ఫెక్ట్ కంటిన్యువస్ రూపాలను, ఫ్యూచర్ కంటిన్యువస్‌ను పాసివ్‌లోకి మార్చకూడదని బడి పుస్తకాలు చెప్పడానికి కారణం ఇదే. పరీక్షలో ఆ నియమాన్నే పాటించండి.

రెండు హెచ్చరికలు ఇక్కడే చెప్పాలి. ‘బీ’ ఏ కాలంలో ఉండాలో పాత క్రియ చెబుతుంది, కానీ అది ఏకవచనమా బహువచనమా అన్నది కొత్త సబ్జెక్ట్ చెబుతుంది. ‘ది వీవర్ వీవ్స్ శారీస్’ అంటే ‘శారీస్ ఆర్ వోవెన్’. నేతగాడు ఒక్కడే అయినా చీరలు చాలా ఉన్నాయి కనుక ‘ఈజ్’ కుదరదు. తొందరలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. పాత వాక్యంలోని ‘హ్యాజ్’ను చూసి కొత్త వాక్యంలోనూ ‘హ్యాజ్’ రాసేస్తారు, ‘హ్యావ్ బీన్’ అని ఉండాల్సిన చోట కూడా. ఇక రెండోది బీన్, బీయింగ్‌ల తికమక. హ్యాజ్, హ్యావ్, హ్యాడ్ వెంట వచ్చేది బీన్. ఈజ్, ఆర్, వాజ్, వర్ వెంట వచ్చేది బీయింగ్. ‘ఈజ్ బీన్’ అనే జంట ఇంగ్లీషులో లేదు.

వి3 రూపాల విషయంలో కంఠస్థం తప్పదు. కట్, పుట్, హిట్ వంటివి మూడు రూపాల్లోనూ ఒకేలా ఉంటాయి. ‘రీడ్’ క్రియ మూడు రూపాలకూ ఇంగ్లీషు అక్షరాలు ఒకటే అయినా రెండో, మూడో రూపాలను ‘రెడ్’ అని పలకాలి. ఇంకో జంట ‘ఫైండ్’, ‘ఫౌండ్’. కనుగొనడం అనే అర్థంలో ఫైండ్‌కు వి3 ఫౌండ్. స్థాపించడం అనే అర్థంలో ‘ఫౌండ్’ అనేదే మొదటి రూపం, దానికి వి3 ఫౌండెడ్. కనుక ‘ఉస్మానియా యూనివర్సిటీ వాజ్ ఫౌండెడ్ ఇన్ 1918’ అని రాయాలి. ‘వాజ్ ఫౌండ్’ అంటే విశ్వవిద్యాలయం ఎక్కడో పోయి 1918లో దొరికినట్టు అవుతుంది.

‘బై’ ఎప్పుడు, ఇంకేదో ఎప్పుడు

చేసినవారెవరో చెప్పడం వాక్యానికి అవసరమైతేనే ‘బై’ ఉంచాలి. ‘చార్మినార్ వాజ్ బిల్ట్ బై ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఇన్ 1591’ అనే వాక్యంలో కర్త పేరు సమాచారం కనుక ఉండాలి. ‘సమ్‌వన్ హ్యాజ్ స్టోలెన్ మై సైకిల్’ అనే వాక్యాన్ని మార్చేటప్పుడు ‘బై సమ్‌వన్’ అనడంలో కొత్తగా తెలిసేదేమీ లేదు. ‘మై సైకిల్ హ్యాజ్ బీన్ స్టోలెన్’ చాలు. పీపుల్, దే, సమ్‌బడీ, వన్ వంటివి సబ్జెక్ట్‌గా ఉన్నప్పుడు వదిలేయడమే పద్ధతి.

కొన్ని క్రియల తర్వాత ‘బై’ బదులు వేరే ప్రిపొజిషన్ వస్తుంది. ‘ది హోల్ విలేజ్ నోస్ హిమ్’ అనే వాక్యం ‘హీ ఈజ్ నోన్ టు ది హోల్ విలేజ్’ అవుతుంది. ‘దిస్ బాటిల్ కంటెయిన్స్ హనీ’ అన్నది ‘హనీ ఈజ్ కంటెయిన్డ్ ఇన్ దిస్ బాటిల్’ అవుతుంది. ఇంటరెస్టెడ్ తర్వాత ఇన్, శాటిస్‌ఫైడ్, ప్లీజ్డ్, ఫిల్డ్, కవర్డ్ తర్వాత విత్, సర్‌ప్రైజ్డ్ తర్వాత ఎట్ వాడతారు. సర్‌ప్రైజ్డ్ తర్వాత ‘బై’ కూడా వాడుకలో ఉంది గానీ, పరీక్షల్లో ఎక్కువగా ఆశించేది ‘ఎట్’.

క్రియా విశేషణం ఒకటి ఉంటే దాన్ని వి3కి ముందు పెట్టడం మేలు. ‘ది సైక్లోన్ కంప్లీట్లీ డిస్ట్రాయ్డ్ ది క్రాప్’ అనే వాక్యం ‘ది క్రాప్ వాజ్ కంప్లీట్లీ డిస్ట్రాయ్డ్ బై ది సైక్లోన్’ అవుతుంది. కాలం, స్థలం చెప్పే మాటలు చివర్లో ఉంటే చాలు.

ప్రశ్నలు, ‘నాట్’ ఉన్న వాక్యాలు

‘డు’, ‘డజ్’, ‘డిడ్’ కనబడితే ముందుగా వాటిని తీసేసి వాటిలో దాగిన కాలాన్ని క్రియకు తిరిగి ఇచ్చేయాలి. ‘ది వీవర్ డిడ్ నాట్ వీవ్ ది శారీ’లో ‘డిడ్ వీవ్’ అంటే ‘వోవ్’. ‘వోవ్’కు పాసివ్ ‘వాజ్ వోవెన్’. ‘నాట్’ను సహాయక క్రియ పక్కన పెడితే ‘ది శారీ వాజ్ నాట్ వోవెన్ బై ది వీవర్’. ‘డిడ్’ను అలాగే ఉంచి ‘డిడ్ నాట్ బీ వోవెన్’ అని రాసేవారున్నారు. అది పూర్తిగా తప్పు.

ప్రశ్నను నేరుగా మార్చడానికి ప్రయత్నించకుండా మొదట మామూలు వాక్యంగా మార్చుకోండి. దాన్ని పాసివ్‌లోకి మార్చండి. అప్పుడు మొదటి సహాయక క్రియను ముందుకు తెచ్చి ప్రశ్న గుర్తు పెట్టండి. ‘డిడ్ ది వీవర్ వీవ్ దిస్ శారీ?’ అన్నది ‘ది వీవర్ వోవ్ దిస్ శారీ’ అయి, ‘దిస్ శారీ వాజ్ వోవెన్ బై ది వీవర్’ అయి, చివరకు ‘వాజ్ దిస్ శారీ వోవెన్ బై ది వీవర్?’ అవుతుంది. ‘హూ’తో మొదలయ్యే ప్రశ్నలో ‘హూ’యే కర్త అయితే అది ‘బై హూమ్’ అవుతుంది. ‘హూ వోవ్ దిస్ శారీ?’ అన్నది ‘బై హూమ్ వాజ్ దిస్ శారీ వోవెన్?’ అవుతుంది. ‘వాట్ ఆర్ యూ డూయింగ్?’లో మాత్రం ‘వాట్’ స్వయంగా కర్మ. కనుక అది ఉన్నచోటే ఉండి ‘వాట్ ఈజ్ బీయింగ్ డన్ బై యూ?’ అని వస్తుంది.

రెండు కర్మలున్నప్పుడు

గివ్, టీచ్, షో, ఆఫర్, అవార్డ్ వంటి క్రియలకు ఇద్దరు అభ్యర్థులుంటారు: పుచ్చుకున్న వ్యక్తి, ఇచ్చిన వస్తువు. ఇందులో ఎవరినైనా ముందుకు తేవచ్చు. 2024లో భారత ప్రభుత్వం పి.వి. నరసింహారావుకు మరణానంతరం భారతరత్న ప్రకటించిన విషయాన్ని చెప్పాలంటే ‘పి.వి. నరసింహారావు వాజ్ అవార్డెడ్ ది భారతరత్న’ అనవచ్చు, ‘ది భారతరత్న వాజ్ అవార్డెడ్ టు పి.వి. నరసింహారావు’ అనీ అనవచ్చు. వస్తువు ముందుకు వస్తే వ్యక్తికి ముందు ‘టు’ కావాలి. సాధారణ వాడుకలో వ్యక్తిని ముందుకు తెచ్చిన వాక్యమే సహజంగా వినబడుతుంది.

మనవారికి ఈ వాక్యం కొంత వింతగా తోచడానికి కారణముంది. తెలుగులో ‘అతనికి పుస్తకం ఇచ్చారు’ అన్నప్పుడు అతడు ‘కి’ విభక్తిలో ఉంటాడు. అటువంటి మాట ఇంగ్లీషులో ‘హీ’గా మారి సబ్జెక్ట్ స్థానంలో కూర్చుంటుందని వెంటనే తట్టదు. అందుకే ‘టు హిమ్ వాజ్ గివెన్ ఎ బుక్’ వంటి వాక్యాలు పుడతాయి. ‘హీ వాజ్ గివెన్ ఎ బుక్’ అంటే పుస్తకం అతనికి అందిందనే. అతణ్ణి ఎవరికో ఇచ్చేశారని కాదు.

ఒక కర్మ, దాన్ని గురించి చెప్పే మాట ఒకటి కలిసి వచ్చినప్పుడు మాత్రం ఎంపిక లేదు. ‘యునెస్కో డిక్లేర్డ్ రామప్ప టెంపుల్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్ ఇన్ 2021’ అనే వాక్యంలో ముందుకు రావాల్సింది గుడి. ‘రామప్ప టెంపుల్ వాజ్ డిక్లేర్డ్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్ బై యునెస్కో ఇన్ 2021’ అన్నదొక్కటే సరైన రూపం.

క్రియతో పుట్టిన ‘ఎట్’, ‘ఆఫ్టర్’ వంటి చిన్న మాటలను పారేయకండి. ‘దే లాఫ్డ్ ఎట్ హిమ్’కు పాసివ్ ‘హీ వాజ్ లాఫ్డ్ ఎట్’. వాక్యం ‘ఎట్’తో ముగియడం అసంపూర్ణంగా కనిపించినా అదే సరైనది. కర్త పేరు కూడా ఉంటే ‘లుక్డ్ ఆఫ్టర్ బై హర్ గ్రాండ్‌మదర్’ అన్నట్టుగా రెండు ప్రిపొజిషన్లు పక్కపక్కన వస్తాయి.

మేక్, సీ, హియర్ క్రియల వెంట యాక్టివ్‌లో ‘టు’ ఉండదు, పాసివ్‌లో ఉంటుంది. ‘దే మేడ్ హిమ్ వెయిట్’ అన్నది ‘హీ వాజ్ మేడ్ టు వెయిట్’ అవుతుంది. ఈ ‘టు’ పరీక్షకులకు ఇష్టమైన ఉచ్చు.

ఆజ్ఞలు, అభ్యర్థనలు

‘క్లోజ్ ది గేట్’ అనే ఆజ్ఞను ‘లెట్ ది గేట్ బీ క్లోజ్డ్’ అని మార్చమంటారు. వద్దని చెప్పే ఆజ్ఞకు ‘లెట్ ది గేట్ నాట్ బీ క్లోజ్డ్’. నా అభిప్రాయంలో ఇది ప్రశ్నపత్రంలో తప్ప బయట బతకని వాక్యం. ఇంగ్లీషు మాట్లాడే ఏ ఇంట్లోనూ గేటు వేయమని ఇలా చెప్పరు. అయినా మార్కులు దీనికే వస్తాయి కనుక రాయక తప్పదు. ‘ప్లీజ్’ ఉన్నప్పుడు ‘యూ ఆర్ రిక్వెస్టెడ్ టు...’ అనీ, సలహా అయితే ‘యూ ఆర్ అడ్వైజ్డ్ టు...’ అనీ మొదలుపెడతారు. వీటిలో పాసివ్ అయినది అసలు క్రియ కాదు, కొత్తగా తెచ్చిన ‘రిక్వెస్ట్’, ‘అడ్వైజ్’ క్రియలు. అందుకే ‘టు’ తర్వాత అసలు క్రియ మామూలు రూపంలోనే మిగిలిపోతుంది. ఈ తేడా తెలిస్తే ‘యూ ఆర్ రిక్వెస్టెడ్ టు బీ మెయింటెయిన్డ్ సైలెన్స్’ వంటి వాక్యం రాయరు.

అంటారు, నమ్ముతారు

‘పీపుల్ సే దట్ ది కోహినూర్ వాజ్ ఫౌండ్ ఎట్ కొల్లూర్’ అనే వాక్యానికి రెండు పాసివ్ రూపాలున్నాయి. తేలికైనది ‘ఇట్ ఈజ్ సెయిడ్ దట్ ది కోహినూర్ వాజ్ ఫౌండ్ ఎట్ కొల్లూర్’. రెండోది కోహినూర్‌ను ముందుకు తెచ్చేది: ‘ది కోహినూర్ ఈజ్ సెయిడ్ టు హ్యావ్ బీన్ ఫౌండ్ ఎట్ కొల్లూర్’. లోపలి వాక్యం గతాన్ని చెబుతున్నప్పుడు ‘టు హ్యావ్’ రావాలి, వర్తమానాన్ని చెబుతుంటే ‘టు’ తర్వాత క్రియ మామూలు రూపం (‘టు బీ’ వంటిది) చాలు. బిలీవ్, థింక్, నో, రిపోర్ట్ క్రియలకూ ఇదే దారి. పత్రికల్లో ఈ రెండో రూపం విరివిగా కనబడుతుంది. వార్త విన్నామే గానీ తేల్చుకోలేదని చెప్పడానికి అది అనువైన వాక్యం.

పాసివ్ చేయకూడని క్రియలు

తెలుగువారి ఇంగ్లీషులో పదే పదే వినబడే తప్పొకటి ఇక్కడ చెప్పాలి. ‘యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్’, ‘హీ వాజ్ డైడ్’, ‘ది ప్రాబ్లమ్ వాజ్ ఆకర్డ్’. ప్రమాదం జరిగింది అన్నప్పుడు దాన్ని కావాలని చేసిన మనిషి ఎవరూ కనిపించరు. కర్త కనబడకపోతే అది పాసివ్ అయి ఉంటుందన్న ఊహతో ‘వాజ్’ చేర్చేస్తారు. కానీ హ్యాపెన్, ఆకర్, డై, అరైవ్, అప్పియర్, డిసప్పియర్ అన్నీ కర్మ లేని క్రియలు. ‘దేనిని?’ అన్న ప్రశ్నకు వీటి దగ్గర జవాబే లేదు. ‘యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్’, ‘హీ డైడ్’ అంటే సరిపోతుంది. ‘హీ ఈజ్ డెడ్’ అనడం సరే, ఎందుకంటే డెడ్ విశేషణం.

కర్మ ఉన్నా పాసివ్ కాని క్రియలు కొన్ని ఉన్నాయి. కలిగి ఉండడం అనే అర్థంలో హ్యావ్, పోలి ఉండడం అనే రిజెంబుల్, లేకపోవడం అనే లాక్, ఖరీదు చేయడం అనే కాస్ట్, నప్పడం అనే సూట్ అటువంటివి. ‘షీ రిజెంబుల్స్ హర్ మదర్’ను పాసివ్ చేయబోతే తల్లికి ఏదో జరిగినట్టు ధ్వనిస్తుంది. అక్కడ జరిగిందేమీ లేదు, ఉన్నది పోలిక మాత్రమే.

ఈ వరుసలోనే ఇంకో రెండు. ‘ఐ యామ్ బార్న్ ఇన్ 1998’ తప్పు, పుట్టడం గతం కనుక ‘ఐ వాజ్ బార్న్’. ‘హైదరాబాద్ ఈజ్ కాల్డ్ యాజ్ ది సిటీ ఆఫ్ పెర్ల్స్’లో ‘యాజ్’ అనవసరం. నోన్ తర్వాత యాజ్ వస్తుంది, కాల్డ్ తర్వాత రాదు.

మాట్లాడేటప్పుడు పాసివ్ ఎలా తట్టాలి

పరీక్షలో యాక్టివ్ వాక్యం ఇచ్చి మార్చమంటారు. మాట్లాడేటప్పుడు మార్చడానికి ముందు వాక్యమేదీ ఉండదు, తెలుగులో ఒక ఆలోచన మాత్రమే ఉంటుంది. ఆ ఆలోచన ఎప్పుడు పాసివ్ కోరుతుందో గుర్తించడానికి మంచి ఆనవాలు ఒకటుంది. కర్త పేరు చెప్పకుండా క్రియను ‘-ఆరు’, ‘-తారు’, ‘-తున్నారు’లతో ముగించే వాక్యాలను చూడండి. ‘మా వీధిలో రోడ్డు వేస్తున్నారు.’ ఎవరు వేస్తున్నారు? కాంట్రాక్టరా, మునిసిపాలిటీయా అన్నది మనకు అక్కర్లేదు. ఇదే వాడుక తెలుగులో పాసివ్‌కు సమానమైన వాక్యం. దాన్ని ‘దే ఆర్ లేయింగ్ ఎ రోడ్’ అని ప్రారంభిస్తే వినేవారు ‘దే’ ఎవరని అడిగే అవకాశముంది. ‘ఎ రోడ్ ఈజ్ బీయింగ్ లెయిడ్ ఇన్ అవర్ స్ట్రీట్’ అంటే ఆ ప్రశ్న రాదు.

ఇలాగే ‘ఆయన్ను ఆస్పత్రిలో చేర్చారు’ అంటే ‘హీ వాజ్ అడ్మిటెడ్ టు ది హాస్పిటల్’. ‘రేపు ఫలితాలు ప్రకటిస్తారు’ అంటే ‘ది రిజల్ట్స్ విల్ బీ అనౌన్స్‌డ్ టుమారో’. ‘నన్ను ఇంకా పిలవలేదు’ అంటే ‘ఐ హ్యావ్ నాట్ బీన్ కాల్డ్ యెట్’. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన చేశారు అంటే ‘ది ఫౌండేషన్ స్టోన్ ఆఫ్ నాగార్జునసాగర్ వాజ్ లెయిడ్ ఇన్ 1955’. చేసినవారు నెహ్రూ అని చెప్పాలనిపిస్తే అప్పుడు ‘బై జవహర్‌లాల్ నెహ్రూ’ చేర్చవచ్చు. రోజూ పత్రికలో వచ్చే శీర్షికల్లోంచి కర్త లేని వాక్యాలను ఏరి ఇలా మార్చి చూసుకోవడం పట్టిక బట్టీ పట్టడం కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

అయితే పాసివ్ వచ్చింది కదా అని ప్రతిచోటా వాడకూడదు. ఉద్యోగ దరఖాస్తులో మీరు చేసిన పనిని ‘ది ప్రాజెక్ట్ వాజ్ కంప్లీటెడ్’ అని రాస్తే ఆ పని చేసింది మీరేనన్న సంగతి చదివేవారికి తెలియదు. ‘ఐ కంప్లీటెడ్ ది ప్రాజెక్ట్’ అనడమే మేలు. కార్యాలయ ఉత్తర్వుల్లో ‘ఇట్ హ్యాజ్ బీన్ డిసైడెడ్’ అన్న వాక్యం అంతగా వాడుకలో ఉండడానికి కారణం కూడా ఇదే. నిర్ణయించినదెవరో అందులో ఉండదు.

ఆప్షన్లలోంచి ఏరడం, వెనక్కు మార్చడం

నాలుగు ఆప్షన్లు ఇచ్చే పరీక్షల్లో సబ్జెక్ట్, వి3 సాధారణంగా నాలుగింటిలోనూ ఒకేలా ఉంటాయి. తేడా ‘బీ’ దగ్గర ఉంటుంది. కనుక వాక్యాలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదువుతూ కూర్చోకండి. ఇచ్చిన వాక్యంలో అసలు క్రియ ఏ రూపంలో ఉందో చూసి, ‘బీ’కి రావాల్సిన రూపాన్ని మనసులో నిర్ణయించుకుని, అది లేని ఆప్షన్లను కొట్టేయండి. రెండు మిగిలితే ఏకవచన బహువచనాలు, ఆ తర్వాత ప్రిపొజిషన్ చూడండి.

పాసివ్ నుంచి యాక్టివ్‌కు వెనక్కు మార్చమన్నప్పుడు ‘బీ’ రూపాన్ని తీసేసి, అది వేసుకున్న వేషాన్ని అసలు క్రియకు తొడగాలి. ‘హ్యాజ్ బీన్ వోవెన్’లో బీన్ వి3 కనుక, దాన్ని తీసేస్తే ‘హ్యాజ్ వోవెన్’ మిగులుతుంది. ‘ఈజ్ బీయింగ్ వోవెన్’లో బీయింగ్ ‘ఇంగ్’ రూపం కనుక ‘ఈజ్ వీవింగ్’. కర్త పేరు లేని వాక్యానికి కర్తను మనమే తేవాలి. ‘ది థీఫ్ వాజ్ అరెస్టెడ్’ అంటే అరెస్టు చేసేది పోలీసులే కనుక ‘ది పోలీస్ అరెస్టెడ్ ది థీఫ్’. ఎవరో తెలియనప్పుడు సమ్‌బడీ, వస్తువుల గురించి సాధారణంగా చెప్పేటప్పుడు పీపుల్.

ఈ వెనకడుగులో జాగ్రత్త పడాల్సింది ‘బై’ దగ్గర. ‘బై’ తర్వాత వచ్చే ప్రతి మాటా కర్త కాదు. ‘బై హ్యాండ్’ అంటే చేత్తో, ‘బై ది రివర్’ అంటే నది పక్కన, ‘బై మండే’ అంటే సోమవారంలోగా. ‘ది రిపోర్ట్ వాజ్ సబ్మిటెడ్ బై మండే’ అనే వాక్యాన్ని చూసి ‘మండే సబ్మిటెడ్ ది రిపోర్ట్’ అని రాస్తే సోమవారం స్వయంగా వెళ్లి రిపోర్టు ఇచ్చి వచ్చినట్టవుతుంది. అక్కడ కర్త వాక్యంలో లేడు. ‘సమ్‌బడీ సబ్మిటెడ్ ది రిపోర్ట్ బై మండే’ అని రాయాలి.